నీళ్లు పట్టుకుపోయినోళ్లు మళ్లీ రాలా

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. కానీ ఈ విషయాన్ని తెలుగులో రాయకపోతే రాసినా ప్రయోజనం లేదు.

మాది ఆత్మకూరు. అమ్మమ్మ వాళ్లది ఉదయగిరి దగ్గర ఒక పల్లె. ఆత్మకూరు వైపు సోమశిల ఉంది, పెన్న నీళ్లున్నాయి. బస్సెక్కి ఉదయగిరి వైపు పోతే నేల మారిపోతుంది. మెట్ట పొలాలు, రాళ్లు, దూరంగా కోట ఉన్న కొండ. తాగడానికి చాలా చోట్ల బోరు నీళ్లే దిక్కు. చిన్నప్పుడు సెలవుల్లో పోయినప్పుడు అక్కడి పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు చూసి, సరిగా తోముకోరేమో అనుకునేవాణ్ణి. అది ఫ్లోరోసిస్ అని ఇంటర్‌లో గానీ తెలియలేదు.

ఫస్టియర్ రెండో సెమిస్టర్‌లో మా టీమ్ ఆ పల్లెకే వెళ్లింది. పన్నెండు బోర్ల నుంచి సీసాల్లో నీళ్లు పట్టాం. ఇంటింటికీ తిరిగి ఫారం నింపాం. ల్యాబ్‌లో టెస్ట్ చేయించి, గ్రాఫులు గీసి, ప్రెజెంటేషన్ ఇచ్చాం. సర్టిఫికెట్లు వచ్చాయి. నా వరకు పని అయిపోయింది.

వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి పోతే పక్కింటి అవ్వ పిలిచింది.

"ఏం నాయనా, ఆ మధ్య సీసాల్లో నీళ్లు పట్టుకుపోయినారే, ఏం తేలింది?"

"ఫ్లోరైడ్ ఉందవ్వా."

"ఉండాదని మాకూ తెలుసులే. మా బోర్లో ఎంత ఉండాదో చెప్పు. ముందొచ్చినోళ్లూ చెప్పలా, మీరూ చెప్పలా. నీళ్లు పట్టుకుపోయినోళ్లు మళ్లీ రాలా." కాసేపాగి తనే అంది, "నేను కాచి తాగతాలే. ఏం కాదు."

నాకు నోట మాట రాలేదు. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు కొంత ఆవిరైపోయి, మిగిలిన దాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి మా ప్రెజెంటేషన్ నాలుగో స్లైడ్‌లో ఉంది. ఇంగ్లీషులో.

చిన్న గ్రాంటు అంటే ఏమిటి?

ఆ తర్వాత నేను చదివిన విషయం ఇదే: పరిశోధనను జనం దగ్గరకు తీసుకెళ్లడానికి యూనివర్సిటీలు ఇచ్చే చిన్న గ్రాంట్లు. మామూలు రీసెర్చ్ బడ్జెట్‌లో పరికరాలకు, కెమికల్స్‌కు, శాంపిల్ తేవడానికి, పేపర్ అచ్చుకు డబ్బు ఉంటుంది. ఫలితం పట్టుకుని మళ్లీ ఆ ఊరికి పోవడానికి మాత్రం తరచుగా ఒక్క వరుస కూడా ఉండదు. చిన్న గ్రాంటు ఆ వరుస కోసమే.

బ్రిటన్‌లో ఈ ఆలోచనకు మంచి చరిత్ర ఉంది. 1985లో అక్కడి రాయల్ సొసైటీ, వాల్టర్ బాడ్మర్ నాయకత్వంలో ఒక రిపోర్టు ఇచ్చింది. జనానికి సైన్స్ అర్థమయ్యేలా చెప్పడం శాస్త్రవేత్తల బాధ్యత అన్నది దాని సారం. 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ఇంకో అడుగు వేసింది: చెప్పడం ఒక్కటే చాలదు, జనం మాట వినాలి కూడా. ఇప్పుడు అక్కడ చాలా యూనివర్సిటీలు కొన్ని వందల పౌండ్ల నుంచి కొన్ని వేల పౌండ్ల దాకా ఇలాంటి గ్రాంట్లు ఇస్తున్నాయి.

మన దగ్గర కూడా దారులున్నాయి. 2014 నవంబరులో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్‌ను ఐఐటీ ఢిల్లీ సమన్వయం చేస్తుంది. అందులో చేరిన కాలేజీ కనీసం ఐదు గ్రామాలను దత్తత తీసుకోవాలి. 2022 మేలో కేంద్రం శాస్త్రీయ సామాజిక బాధ్యత మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం సైన్స్ రంగంలో పనిచేసేవాళ్లు ఏడాదికి కనీసం 10 పనిదినాలు సమాజం కోసం ఇవ్వాలి. అంటే ఊరికి తిరిగి పోవడం దయ కాదు, పనిలో భాగం.

మన జిల్లాకు ఉన్న బాకీ

ఫ్లోరోసిస్ మీద మన దేశంలో వచ్చిన తొలి పరిశోధనా పత్రాల్లో ఒకటి 1937 నాటిది. హెచ్.ఇ. షార్ట్ బృందం దాన్ని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వేసింది. అందులో చెప్పింది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించే. (ఇప్పటి ప్రకాశం జిల్లాలోని కొంత భాగం అప్పట్లో నెల్లూరులోనే ఉండేది.) ఈ జబ్బును ప్రపంచానికి చెప్పడానికి మనవాళ్ల ఎముకలు, పళ్లు పనికొచ్చాయి. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత అదే నేల మీద ఒక అవ్వ నీళ్లు కాచుకుని, ఏం కాదులే అనుకుంటోంది.

ఈ మధ్యలో సైన్స్ ఆగిపోలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతిని తయారు చేసింది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా పర్వాలేదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. తెలిసినవాళ్లకు తెలుసు. తెలియాల్సినవాళ్లకు చేరలేదు.

చేరితే ఏమవుతుందో కూడా మన జిల్లానే చూపించింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల నష్టపోయిన ఆడవాళ్లు ఏకమై అంగడి మూయించడం అందులో కథ. ఉదయగిరి ప్రాంతంలోని దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి వదిలెయ్యలేదు, నిజంగానే సారా ఆపించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అది రీసెర్చ్ కాదు, గ్రాంటూ కాదు. కానీ వాళ్ల మాటల్లో, వాళ్ల బతుకు గురించి, వాళ్లు కూర్చుని మాట్లాడుకునేలా చెప్పిన పాఠానికి ఎంత బలం ఉంటుందో చూడండి.

ప్రపోజల్ రాసేటప్పుడు

ఇలాంటి గ్రాంటుకు అప్లై చేసేటప్పుడు నాలుగు ప్రశ్నలకు జవాబుండాలి. జనం అంటే ఎవరు? ("గ్రామ ప్రజలు" అంటే చాలదు, ఏ వీధి, ఏ వయసు?) వాళ్లకు ఏం దక్కుతుంది? వాళ్ల నుంచి మనం ఏం నేర్చుకుంటాం? పని జరిగిందని ఎలా తెలుస్తుంది?

నా మొదటి డ్రాఫ్ట్‌లో 20,000 రూపాయల్లో 15,000 ఒక మొబైల్ యాప్‌కు రాశాను. సీఎస్ఈ వాణ్ణి కదా! మా మేడమ్ చదివి, "ఆ అవ్వ దగ్గర ఏ ఫోన్ ఉంది?" అని అడిగారు. కీప్యాడ్ ఫోన్. యాప్ కొట్టేశాను. ఇప్పటి డ్రాఫ్ట్ ఇది:

మూడుసార్లు రాను పోను బస్సు, ఆటో: 6,000
టెస్టులు, కెమికల్స్: 5,000
బోర్ల దగ్గర తెలుగు బోర్డులు: 4,000
ఊళ్లో సాయం చేసే ఇద్దరికి కూలి: 3,000
మీటింగులకు టీ, టిఫిన్: 2,000

కూలి వరుసను కొట్టెయ్యకండి. వాళ్ల రోజు కూడా రోజే. టెస్టు కూడా జనం ముందే చెయ్యాలి. జిర్కోనియం అలిజరిన్ ద్రావణం ఎర్రగా ఉంటుంది, ఫ్లోరైడ్ ఎక్కువైతే పసుపు వైపు మారుతుంది. గ్రాఫు అర్థం కానివాళ్లకు కూడా రంగు అర్థమవుతుంది. కాచిన నీళ్లను, కాచని నీళ్లను పక్కపక్కన పెట్టి చూపిస్తే అవ్వకు నేను ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

గ్రాంటు ఇంకా రాలేదు, వస్తుందో రాదో కూడా తెలీదు. కానీ సంక్రాంతికి పోయినప్పుడు పన్నెండు బోర్ల అంకెలు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, జిరాక్స్ తీయించి తీసుకెళ్లాను. అవ్వ వాళ్ల బోరు 1.5 దాటిన వాటిలో ఉంది. కాస్తే పోదని చెప్పాను. ఊరి చివర బోరులో తక్కువగా ఉంది, తాగడానికి అక్కడి నుంచి తెచ్చుకోమన్నాను.

అవ్వ నవ్వింది. "ఆ బోరు చైత్రానికి ఎండిపోద్ది నాయనా. అప్పుడేం తాగాల?"

మేం నీళ్లు పట్టింది ఫిబ్రవరిలో. ఎండాకాలం సంగతి మా ఇరవై ఎనిమిది ప్రశ్నల ఫారంలో ఎక్కడా లేదు. ప్రపోజల్‌లో మూడో ప్రశ్నకు, అదే "మనం ఏం నేర్చుకుంటాం" అన్నదానికి, నాకు జవాబు ఆ రోజు దొరికింది. మూడు ప్రయాణాల్లో ఒకటి ఏప్రిల్‌కు మార్చాను.

మీ ఫైనలియర్ ప్రాజెక్టు కోసం ఎవరి ఊరి నుంచైనా డేటా తెచ్చి ఉంటే, ఫలితం ఒక్క పేజీలో తెలుగులో రాసి వాళ్లకు పంపండి. గ్రాంటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏప్రిల్‌లో మాతో ఉదయగిరి రావాలనుకునేవాళ్లు మాత్రం క్లబ్ రూమ్‌లో పేరివ్వండి. రాయడానికి, వినడానికి మనుషులు కావాలి.