ఫిరంగి దగ్గర నిలబడబోయే మేనల్లుడికి

మాధవరం,
తాడేపల్లిగూడెం మండలం



మొన్న ఫోన్లో అడిగావు, "కార్గిల్‌లో నువ్వెంతమందిని చంపావు మామయ్యా?" అని. పక్కన నీ స్నేహితులు నవ్వుతున్నారు. అందుకే మాట దాటేశాను. నీ ట్రైనింగ్ అయిపోవస్తోంది, ఇక రెజిమెంటుకి వెళ్తావు. ఈలోగా జవాబు చెప్పాలి గనక రాస్తున్నాను. నాకు తెలియదురా. గన్ దగ్గర పనిచేసినవాడికెవడికీ తెలియదు.

గన్ పొజిషన్‌లో ఉన్నవాడికి మామూలుగా ఎదురుగా అడ్డు కొండే తప్ప శత్రువు కనిపించడు. చూసేవాడు వేరే ఉంటాడు. ఓపీ (అబ్జర్వేషన్ పోస్టు) ఆఫీసరు ఇన్‌ఫాంట్రీతో పాటు పైకెక్కి, ఏ బండచాటునో పడుకుని, రేడియోలో చెబుతాడు. కమాండ్ పోస్టులో ఇంకొకరు లెక్క కడతారు. మన దాకా వచ్చేసరికి అది బేరింగు, ఎలివేషను, ఛార్జి, ఫ్యూజు. అంతే. లేయర్ అంకె పెడతాడు, ఇంకొకడు 40 కిలోలు దాటిన షెల్ అందిస్తాడు, మరొకడు ఫైర్ చేస్తాడు. చూసినవాడు పేల్చలేదు, పేల్చినవాడు చూడలేదు. మరి చంపిందెవరంటే ఎవరి పేరు చెప్పాలి? రైఫిల్ పట్టినవాడికి ఎదుటివాడి ముఖం గుర్తుంటుంది, మనకు అంకెలు గుర్తుంటాయి. ఇది గన్నర్ల అదృష్టం అనేవాళ్లున్నారు. నేననను. ముఖం కనబడితే చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది. అంకె దగ్గర చెయ్యి ఆగదు. అందుకని ఆపడం మనమే నేర్చుకోవాలి. నీకు నేను చెప్పదలచుకున్నదంతా దాని గురించే.

వృత్తానికి 6400 మిల్స్ అని నీకు మొదటి వారంలోనే నేర్పి ఉంటారు. 10 కిలోమీటర్ల దూరాన ఒక మిల్ తేడా అంటే సుమారు 10 మీటర్లు. పది మిల్స్ తప్పితే 100 మీటర్లు. 1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధంలో, తొలోలింగ్ కొండ మీద ఆ కాస్త దూరంలోనే మనవాళ్లూ ఉన్నారు, పాకిస్తానీలూ ఉన్నారు. మన షెల్స్ పైన పడుతుంటే ఆ చాటున ఇన్‌ఫాంట్రీ కుర్రాళ్లు రాత్రిపూట రాళ్లు పట్టుకుని పాకుతూ ఎక్కారు. ఆ ఎత్తులో గాలి పలచన, షెల్ మైదానంలో కన్నా దూరం పోతుంది. శిఖరం అంచున పడాల్సింది కాస్త ముందుకు పోతే అవతలి లోయలో పడుతుంది. కాస్త వెనక్కి పడితే మనవాళ్ల నెత్తిన. ధర్మయుద్ధం, అధర్మయుద్ధం అని టీవీలో వాదించుకునేవాళ్లను వాదించుకోనీ. నీ వరకు అది గన్ గురి పెట్టే డయల్ సైట్ దగ్గర తేలుతుంది. అంకె తిరిగి చదివి చెప్పావా, లేక పక్క గన్ కంటే ముందు "రెడీ" అనిపించుకోవాలని కానిచ్చేశావా?

గన్ డ్రిల్లులో నాకు అన్నిటికన్నా నచ్చే నియమం ఒకటుంది. ప్రమాదం గాని పొరపాటు గాని కంటబడితే గన్ దగ్గరున్న ఎవడైనా సరే "స్టాప్" అని అరవచ్చు. ర్యాంకు అక్కర్లేదు. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు అరిచినా గన్ ఆగాల్సిందే, ఎందుకని అడగడం ఆ తర్వాత. పైవాడు చెబితే కిందివాడు చెయ్యడమే తప్ప ఇంకేమీ లేదనుకునే సైన్యంలో, అందరికన్నా కిందివాడికి అందరినీ ఆపే హక్కు ఇచ్చారు. ఎవరు పెట్టారో గాని, మనిషి సంగతి బాగా తెలిసినవాళ్లే పెట్టి ఉంటారు.

నీ విషయంలో నాకున్న బెంగ కూడా ఇక్కడే. మేము చేరినప్పుడు ఉద్యోగం పర్మనెంటు. పొరపాటున "స్టాప్" అని అరిస్తే ఉస్తాద్ తిట్టేవాడు, నలుగురూ నవ్వేవాళ్లు, అక్కడితో సరి. నువ్వు అగ్నివీర్‌వి. నాలుగేళ్లయ్యాక నలుగురిలో ఒకడిని ఉంచుకుంటారు. ఆ ఒకడు నువ్వే కావాలని నీకుంటుంది, మీ అమ్మకు ఇంకా ఉంటుంది. పై అధికారి ముందు ఎదురుచెప్పే కుర్రాడనిపించుకుంటే ఎలా అని గొంతు దగ్గరే మాట ఆగిపోవచ్చు. ఆగనివ్వకు. నీ గన్‌ని నడిపించే నంబర్ వన్ హవల్దారు మంచివాడైతే, అరిచినందుకు నిన్ను గుర్తుపెట్టుకుంటాడు. కాకపోతే ఉద్యోగం పోతుందేమో, పోనీ. ఊళ్లో రెండెకరాలుంది.

పొరపాటు సంగతి సరే, ఆజ్ఞే తప్పయితే? అది ఎప్పుడో గాని రాదు. వస్తే మాత్రం ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు, కాబట్టి ఇప్పుడే తెలుసుకో. 1950 నాటి మన ఆర్మీ యాక్టు 41వ సెక్షన్ పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినవాడిని శిక్షిస్తుంది. లొంగిపోయినవాడిని కాల్చమనడం, ఊరివాళ్లను చంపమనడం ఏ చట్టంలోనూ లేవు. 1949 జెనీవా ఒప్పందాల మీద మన దేశం సంతకం ఉంది, వాటికోసం 1960లో ఇక్కడ చట్టమూ చేశారు. "సాబ్ చెప్పాడు, చేశాను" అనే మాట రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో జర్మన్ సేనానులకే పనికిరాలేదు.

వియత్నాం యుద్ధంలో, 1968 మార్చి 16న, మై లాయ్ అనే ఊళ్లో అమెరికన్ సైనికులు ఆడవాళ్లనీ పిల్లలనీ ముసలివాళ్లనీ వందల్లో కాల్చి చంపారు. హ్యూ థాంప్సన్ అని ఒక హెలికాప్టర్ పైలట్ పైనుంచి ఇది చూశాడు. పారిపోతున్న ఊరివాళ్లకూ తన సొంత సైనికులకూ మధ్య హెలికాప్టర్ దించేశాడు. మనవాళ్లు వీళ్లమీద కాలిస్తే మీరు మనవాళ్లమీద కాల్చండి అని తన సిబ్బందికి చెప్పి, దొరికినవాళ్లను బతికించి బయటపడేశాడు. తిరిగి వెళ్లి పై అధికారులకు రిపోర్టు చేశాడు. అప్పుడు గాని పైనుంచి ఆపమని ఆజ్ఞ రాలేదు. దానికి దొరికిన బహుమానం ఏమిటంటే, ఏళ్ల తరబడి ద్రోహి అనిపించుకోవడం. ఆ పనికి సోల్జర్స్ మెడల్ 1998లో ఇచ్చారు, ముప్ఫై ఏళ్లకి. ఆ హత్యలకు శిక్షపడిన ఒకే ఒక్కడు లెఫ్టినెంట్ కేలీ. యావజ్జీవం వేసి, మూడున్నరేళ్లకే, అదీ ఎక్కువభాగం ఇంట్లోనే ఉంచి, వదిలేశారు. నిజం చెప్పినవాడికి వెంటనే మేలు జరుగుతుందని నేను నీకు అబద్ధం చెప్పను.

ఇక కోపం. 1999 మేలో లెఫ్టినెంట్ సౌరభ్ కాలియా, ఆయన వెంట వెళ్లిన ఐదుగురు జవాన్లు పాకిస్తానీలకు పట్టుబడ్డారు. జూన్ 9న శవాలు అప్పగించారు. చిత్రహింసలు పెట్టి చంపారని తెలిసినప్పుడు మా గన్ పొజిషన్‌లో ఎవరికీ అన్నం దిగలేదు. "ఒక్కడు దొరికితే..." అని అనని నోరు లేదు, నాదీ అందులో ఉంది. అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్లను నరికింది కూడా తండ్రిని మోసంతో చంపారన్న కోపంతోనేగా. కోపానికి కారణం న్యాయమైనదే. అయినా ఆ రాత్రి చేసిన పనికి ఇన్ని తరాల్లో ఒక్కరూ అతన్ని వెనకేసుకు రాలేదు.

అదే యుద్ధంలో, నెల తిరక్కుండా, టైగర్ హిల్ దగ్గర కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ అనే పాకిస్తానీ ఆఫీసర్ మనవాళ్లమీద ఎదురుదాడి చేసి ప్రాణం పోగొట్టుకున్నాడు. మన బ్రిగేడియర్ బజ్వా ఆ శవం జేబులో చీటీ రాసి పెట్టి పంపారు, ఇతను వీరుడిలా పోరాడాడు, గౌరవించండి అని. పాకిస్తాన్ తన అత్యున్నత పతకం నిషాన్-ఎ-హైదర్ అతనికిచ్చింది. వాళ్లు తీసుకోని శవాలను మనవాళ్లే వాళ్ల మతాచారం ప్రకారం పూడ్చారు. కాలియా సంగతి తెలిసీ ఇది చేశారు, అందుకే నీకు చెబుతున్నాను. శత్రువు ఏం చేశాడన్నది చూసి మన సైన్యం తన నడవడి నిర్ణయించుకోలేదు.

ఇదంతా చదివి మామయ్య మెత్తబడ్డాడనుకోకు. యుద్ధమంటూ వస్తే గురి పెట్టి కొట్టాలి, వెనకాడకూడదు. నువ్వు వెనకాడితే పైకి ఎక్కుతున్న ఇన్‌ఫాంట్రీవాడు చస్తాడు. హైదరాబాద్ కుర్రాడు మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న అలాంటి కొండెక్కుతూనే ప్రాణాలిచ్చాడు, మహావీర చక్ర ఇచ్చారు. కడుపుతో ఉన్న భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని దానికి కొద్దిరోజుల ముందే తండ్రికి ఉత్తరం రాశాడట. చంపడానికి, చావడానికి వెళ్తున్నవాడు పుట్టబోయే బిడ్డకు మంచి చెడ్డ తెలియాలని కోరుకున్నాడు. ఆ రెండూ ఒక్క మనిషిలో ఉండగలవు. ద్రాస్‌లో పాయింట్ 5140కి గన్నర్ల గౌరవార్థం 2022లో గన్ హిల్ అని పేరుపెట్టినప్పుడు నేనూ గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

మన ఊరికి మిలిటరీ మాధవరం అని పేరొచ్చింది తెల్లదొరల కాలంలో. రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లిన మన తాతలకు అది ఎవరి యుద్ధమో, ఎందుకో అడిగే వీల్లేదు. నీకుంది. యుద్ధం చెయ్యాలా వద్దా అని నిర్ణయించేవాళ్లకు ఓటు వేసేవాడివి కూడా నువ్వే కదా.

తిరిగొచ్చాక నిద్ర పట్టకపోతే రమ్ము వెతుక్కోకు. క్యాంటీన్ సరుకు చవకని అలవాటైనవాళ్లు మన వీధిలోనే ఉన్నారు, నీకు తెలుసు. యూనిట్లో డాక్టరుంటాడు, చెప్పు. లేకపోతే నాకు చెప్పు. మీ అమ్మకు మాత్రం వద్దు.

సెలవు దొరకగానే రా. అడగాల్సినవి కాగితం మీద రాసుకో, ఫోన్లో ఉద్యోగం సంగతులు మాట్లాడకు. గన్ పక్కన నిలబడి వీడియోలు తీసి ఎవరికీ పంపకు. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ తప్పకుండా పెట్టుకో. నా ఎడమ చెవి సంగతి చూస్తున్నావుగా, నువ్వు ఫోన్లో రెండుసార్లు చెప్తేగాని వినపడదు.

ఇట్లు,
మీ మామయ్య