ఎండుకొమ్మకు ఆవిరి వంపు

ప్రశ్న: మా చింత బోన్సాయ్‌కి ఒక కొమ్మ ఎండిపోయింది. తీసేయకుండా అందంగా వంచాలని ఉంది. ఆవిరి పడితే వంగుతుందా?
– ఒక పాఠకుడు, చిరాగ్‌పల్లి, జహీరాబాద్

జవాబు: సన్నటిదైతే, ఈమధ్యే ఎండినదైతే వంగుతుంది. ఇలా బెరడు ఒలిచి ఉంచే ఎండుకొమ్మను జపాన్‌లో ‘జిన్’ అంటారు. చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ తడి వేడికి మెత్తబడి, చల్లారితే మళ్లీ బిగుసుకుంటుంది. మేదరులు వెదురుకు సెగ చూపి వంచేదీ ఈ కిటుకుతోనే.

బెరడు ఒలిచి, కొమ్మకు రెండు రోజులు తడిగుడ్డ చుట్టి ఉంచండి. పచ్చి బెరడుకు, ఆకులకు, మట్టికి మందంగా తడిగుడ్డలు కప్పండి. ఆవిరి తగిలితే బతికున్న భాగమూ చస్తుంది. కెటిల్ మూతికి గొట్టం తగిలించి ఆవిరిని కొమ్మకే పట్టండి. పడవలు చేసేవాళ్ల లెక్క అంగుళం మందానికి గంట. పెన్సిలంత కొమ్మకు సుమారు 20 నిమిషాలు. చేతులకు మందపాటి గ్లౌజులు తప్పనిసరి.

ఆవిరి ఆపగానే, వేడి తగ్గేలోపే నెమ్మదిగా వంచి తీగతో కట్టేయండి. కొంచెం వెనక్కి లాగుతుంది కాబట్టి, కావలసినదానికన్నా కాస్త ఎక్కువే వంచండి. పూర్తిగా ఆరాకే తీగ విప్పాలి. తర్వాత లైమ్ సల్ఫర్ పూస్తే త్వరగా పుచ్చదు.

ఏళ్లనాటి ఎండుకొమ్మ మాత్రం వంగకముందే విరగొచ్చు. దాన్ని ఉలితో చెక్కుకోవడమే మేలు.