మీటింగులో మౌనం

చంద్రశేఖరపురం దగ్గర నేను పనిచేసిన ఒక బడిలో బోరు ఎక్కడ వేయించాలా అని స్టాఫ్ మీటింగు పెట్టాం. గట్టి గొంతున్న మాస్టారొకరు గేటు పక్కనే అన్నారు. పది నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. బోరులో దుమ్ము తప్ప నీరు రాలేదు. "అక్కడి పాత బావి ఎండిపోయే కదండీ పూడ్చారు" అన్నారు ఆ ఊరివారే అయిన లెక్కల మాస్టారు, తాపీగా. మరి అప్పుడే చెప్పలేదేం? "నోరు తెరిచేలోపే మీరు తీర్మానం రాసేశారు" అన్నారు. నిజమే, రాసింది నేనే.

మీటింగు అనగానే కొందరికి హుషారు, కొందరికి నీరసం. ఎందుచేత? స్విట్జర్లాండుకు చెందిన యుంగ్ 1921లో బహిర్ముఖులు, అంతర్ముఖులు అనే మాటలను ప్రచారంలోకి తెచ్చాడు. నిజానికి ఎత్తులో లాగే ఇందులోనూ చాలామంది మధ్యరకమే. అంతర్ముఖుల మెదడు సహజంగానే ఎక్కువ చురుకుగా ఉంటుందనీ, అందువల్ల సందడి వారికి త్వరగా ఎక్కువైపోతుందనీ ఐసెంక్ ఊహించాడు. 1967లో ఐసెంక్ దంపతులు కొందరి నాలుకపై నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, నోట్లో ఉంచిన దూదిని తూచారు. అంతర్ముఖులకు లాలాజలం ఎక్కువగా ఊరింది! తరువాతి ప్రయోగాలన్నీ ఆ ఊహను బలపరచలేదనుకోండి.

సిగ్గు వేరు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం అది. మా లెక్కల మాస్టారికి భయమేమీ లేదు. ఆలోచించుకున్నాకే మాట్లాడతారు, అంతే.

మరి మీటింగులో ఆలోచనలు ఎక్కువ పుడతాయా? 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. నలుగురేసి కలిసి కూర్చున్న జట్లు ఒకవైపు, విడివిడిగా ఆలోచించిన నలుగురు మరొకవైపు. ఒకే ఆలోచన ఇద్దరికి వస్తే ఒకటిగానే లెక్కించారు. అయినా విడిగా ఉన్నవారి మొత్తం దాదాపు రెట్టింపు! మీటింగులో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. తమ వంతు కోసం కాచుకునేవారి ఆలోచన అక్కడే ఆగిపోతుందని 1987లో డీల్, స్ట్రోబే అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపారు.

మీ తరగతిలో వార్షికోత్సవం గురించి చర్చించేముందు, అందరికీ చీటీలిచ్చి ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా రాయించి చూడండి. ఎవరి చీటీలో ఎన్ని ఆలోచనలున్నాయో లెక్కపెట్టండి.

తరువాతి మీటింగులో మేమూ అదే చేశాం. లెక్కల మాస్టారి చీటీ రెండువైపులా నిండింది. గట్టి గొంతు మాస్టారు మాత్రం తెల్లకాగితం నా చేతికిచ్చి, "నాకు మాట్లాడితేనే తోస్తుందండీ!" అన్నారు.