కీళ్ల నొప్పులు నిజంగా పెరిగాయా?

"మా అవ్వ డెబ్బై ఏండ్ల దాకా నాట్లు వేసింది. ఒక్కనాడు మోకాలు పట్టుకొని కూర్చోలేదు. నాకు నలభై ఐదుకే ఎందుకు వచ్చింది సిస్టరమ్మా?" అని అడగని వారం ఉండదు. వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్, ఏ పక్క నుంచి వచ్చినవారిదైనా ఇదే మాట. కారణం కూడా చాలాసార్లు వాళ్లే చెబుతారు. మందుల తిండి వల్ల అని ఒకరు, బోరు నీళ్ల వల్ల అని ఒకరు, చికున్‌గున్యా వచ్చిపోయినప్పటి నుంచి అని ఇంకొకరు. ఈ సంచికలో ఆ ప్రశ్ననే పాఠంగా తీసుకుందాం.

ముందు ఒక మాట. ఆర్థరైటిస్ అంటే ఒక జబ్బు పేరు కాదు. కీలులో వాపు, నొప్పి, బిగుతు తెచ్చే జబ్బులు నూటికి పైగా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే మనం అరుగుదల అనేది. ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థి పలచబడి, కీలు చుట్టూ ఎముక పెరిగి, కండరాలు బలహీనపడటం వల్ల వస్తుంది. ఎక్కువగా మోకాలికి వస్తుంది. రెండవది రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన వాళ్లు కీళ్లవాతం అంటారు. ఇందులో మన ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే కీళ్ల మీదికి తిరుగుతుంది. ఈ రెండింటికీ పేరు దగ్గరగా ఉన్నా వైద్యం వేరు.

ఇక లెక్కలకు వద్దాం. మన దేశంలో ఆస్టియో ఆర్థరైటిస్ ఉన్నవారు 1990లో సుమారు 2 కోట్ల 34 లక్షలు. 2019 నాటికి 6 కోట్ల 23 లక్షలు. అంటే ముప్ఫై ఏండ్లలో రెండున్నర రెట్లకు మించి పెరిగారు. ఈ అంకె చూస్తే ఎవరికైనా గుండె దడ పుడుతుంది. ప్రపంచమంతటా చూసినా 2020లో 59 కోట్ల 50 లక్షల మందికి ఈ జబ్బు ఉంది.

అయితే ఇదే లెక్కను ఇంకో విధంగా చూడాలి. ఈ ముప్ఫై ఏండ్లలో జనాభా పెరిగింది. అందులో పెద్ద వయసువారి వంతు ఇంకా పెరిగింది. పిల్లలు ఎక్కువగా ఉన్న ఊరినీ ముసలివారు ఎక్కువగా ఉన్న ఊరినీ పోల్చి, రెండో ఊళ్లో నొప్పులు ఎక్కువ అంటే అది న్యాయమైన లెక్క కాదు. అందుకని నిపుణులు వయసు తేడాను సరిచేసి, రెండు కాలాల్లోనూ ఒకే వయసువారిని పక్కపక్కన నిలబెట్టినట్టుగా పోలుస్తారు. అలా చూస్తే మన దేశంలో 1990లో లక్షకు 4,895 మంది, 2019లో లక్షకు 5,313 మంది. పెరుగుదల నూటికి తొమ్మిది కంటే తక్కువ. నొప్పి ఉన్నవారి సంఖ్య రెండున్నర రెట్లు దాటింది గాని, ఒక్కొక్కరికీ ఆ వయసులో నొప్పి వచ్చే అవకాశం అంతగా పెరగలేదు. ఎక్కువ మందిమి ఆ వయసు దాకా బతుకుతున్నాం.

1970-75లో మన దేశంలో సగటు ఆయుర్దాయం 49.7 ఏండ్లు. 2016-20లో 70 ఏండ్లు. 1961 జనాభా లెక్కల్లో అరవై దాటినవారు సుమారు రెండున్నర కోట్లు, 2011లో పది కోట్లకు పైగా. మనకు గుర్తున్న అవ్వ డెబ్బై దాకా నాట్లు వేసిన మాట నిజమే. కాని ఆమెతోపాటు పుట్టినవారిలో డెబ్బై చూసినవారెందరు? ప్రసవాల్లో పోయినవారు, కలరాతో, క్షయతో పోయినవారు మోకాలి నొప్పి వయసు దాకా రానేలేదు. అరుగులో కూర్చుండిపోయిన అవ్వలు కూడా ఆ రోజుల్లో ఉన్నారు. వాళ్లను ఎవరూ దవాఖానాకు తీసుకుపోలేదు, ఎక్స్‌రే తీయలేదు. "ముసలితనం, వాతం పట్టింది" అన్నారంతే. లెక్కలోకి ఎక్కలేదు.

ఇంతటితో అయిపోతే పాఠం సులభంగా ఉండేది. కాని అమెరికాలో 2017లో వచ్చిన ఒక పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది. వేర్వేరు కాలాల్లో చనిపోయిన రెండువేలకు పైగా మనుషుల అస్థిపంజరాల్లో మోకాలి ఎముకలను పరిశీలించారు. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి మోకాలి అరుగుదల దాదాపు రెండింతలైంది. వయసునూ బరువునూ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా పోలేదు. అంటే వయసు పెద్ద కారణమే, కాని ఒక్కటే కారణం కాదు. బతుకు తీరులో ఏదో మారింది. కీలు కదలిక తగ్గడం అందులో ఒకటి అయి ఉండవచ్చునని ఆ పరిశోధకులు అనుకున్నారు.

మన దగ్గర మారినదేమిటో కళ్ల ముందే ఉంది. నిజాంసాగర్ కాలువ వచ్చిన తర్వాత, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత, ఈ ప్రాంతమంతా ఎడ్లబండ్ల మీద చెరకు తోలిన ఊళ్లు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు పొలానికి కూడా మోటారు సైకిలే. వరికోత యంత్రం చేస్తుంది. మగవారికి చాలా పని తగ్గింది, తిండి తగ్గలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల మహిళల్లో నూటికి 30 మంది, మగవారిలో 32 మంది ఉండవలసిన బరువు కంటే ఎక్కువ ఉన్నారు. బరువు తగ్గడం ఎందుకంత ముఖ్యమో 2005లో వచ్చిన ఒక అధ్యయనం చక్కగా చూపింది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుంది. పది కిలోలు ఎక్కువ ఉన్న మనిషి అడుగడుగునా మోకాలి మీద ఇంచుమించు ఒక యూరియా బస్తా మోస్తున్నట్టే.

ఆడవారి సంగతి ఇంకో తీరు. నాట్లు, కలుపు వంగి చేయవలసినవే. ఇల్లు చేరితే బాసింపట్టు వేసుకొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు. నిజామాబాద్ జిల్లాలో ఈ పని చేసే ఇళ్లెన్నో చెప్పనక్కరలేదు. చైనాలోని బీజింగ్‌లో జరిగిన అధ్యయనంలో, అక్కడి ఆడవారు అమెరికా ఆడవారి కంటే సన్నగా ఉన్నా మోకాలి అరుగుదల వారికే ఎక్కువగా కనిపించింది. వయసులో ఉన్నప్పుడు రోజూ గంటల తరబడి గొంతుకు కూర్చున్నవారికి తర్వాత ఈ నొప్పి ఎక్కువగా వచ్చిందని కూడా తేలింది. బీడీలు మానేయమని నేను చెప్పను, ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుంది. ఎత్తు పీట మీదో కుర్చీ మీదో కూర్చొని చుట్టడం, ప్రతి అరగంటకూ లేచి నాలుగడుగులు వేయడం మాత్రం చేయవచ్చు.

జనం చెప్పే కారణాల గురించి కూడా రెండు మాటలు. చికున్‌గున్యా నిజమైన కారణమే. 2006లో దేశంలో సుమారు 14 లక్షల అనుమానిత కేసులు వచ్చాయి, మన పాత ఆంధ్రప్రదేశ్ కూడా బాగా దెబ్బతిన్నది. జ్వరం తగ్గినా కొందరికి కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉంటాయి. చాలామందికి క్రమంగా పోతాయి. ఇరవై ఏండ్ల తర్వాత ఒక్క మోకాలే నొస్తుంటే దానికి చికున్‌గున్యాను తప్పుపట్టలేం. బోరు నీళ్ల మాట నల్గొండ పక్క ఎందరికో అక్షరాలా నిజమైంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏండ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే నడుము, మెడ బిగుసుకుపోతాయి. పళ్లు బాగుండి, మోకాలు మాత్రమే నొచ్చేవారు దాని గురించి భయపడనక్కరలేదు. మందుల తిండి వేరే విధంగా చెడ్డదే గాని, మోకాలి అరుగుదలకు రుజువైన కారణాల్లో అది లేదు.

గుంపులో కలిసిపోయేవారు

నాకు అసలు దిగులు ఇక్కడుంది. మహారాష్ట్రలోని పుణె జిల్లా భిగ్వన్‌లో, మన ప్రాంతం లాంటి పల్లెలోనే, 1996లో ఇంటింటికీ తిరిగి 4,092 మంది పెద్దవారిని పరీక్షించారు. నూటికి 18 మందికి కీళ్లు, ఎముకలు, కండరాల నొప్పులున్నాయి. ఆస్టియో ఆర్థరైటిస్ నూటికి ఆరుగురికి దగ్గరగా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ రెండువందల మందిలో ఒకరికి. ఆ లెక్కన రెండువేల మంది పెద్దవారున్న ఊళ్లో అరుగుదల ఉన్నవారు నూరు దాటుతారు. కీళ్లవాతం ఉన్నవారు పదిమందే. ఆయుష్షు పెరిగేకొద్దీ ఆ నూరు పెరుగుతూ పోతుంది. "ఈ రోజుల్లో మోకాలి నొప్పి లేనిదెవరికి?" అనే మాట ఊరంతా పాకుతుంది. ఆ మాటలో ఆ పదిమంది కనబడకుండా పోతారు.

వారు ఎక్కువగా ముప్ఫై నుంచి అరవై లోపు ఆడవారు. మగవారి కంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి, జడ వేసుకోవడం, పిండి కలపడం కాదు. గంట దాటినా వేళ్లు సాగవు. వేళ్ల మొదళ్లు, మణికట్లు ఉబ్బుతాయి. అరుగుదలలో పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంట లోపు పోతుంది, నడిచినకొద్దీ, పని చేసినకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఈ తేడా ఇంట్లోనే గమనించవచ్చు. చేతుల వాపు, పొద్దుటి బిగుతు ఆరు వారాలు దాటితే ఇక ఆగవద్దు. రక్తపరీక్ష చేయించాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. మొదటి నెలల్లో సరైన మందు మొదలుపెడితే కీళ్లు చెడకుండా కాపాడవచ్చు. ఒకసారి వంకరపోయిన వేళ్లను మందు తిన్నగా చేయలేదు.

ఇలాంటివారిలో చాలామంది మా దగ్గరికి వచ్చేసరికే ఏడాదో రెండేండ్లో ఊళ్లో సూదులు వేయించుకొని ఉంటారు. వారానికో సూది, పేరు తెలియని పొట్లం గోలీలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మూడో రోజుకు నొప్పి మాయమవుతుంది, ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. నొప్పి గోలీలు రోజూ మింగితే కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ. అయితే చాలాకాలం స్టెరాయిడ్ వాడినవారు భయపడి ఒక్కసారిగా మానకూడదు, ప్రాణానికే ప్రమాదం. ఆ పొట్లాలు, చీటీలు పారేయకుండా డాక్టరు గారికి చూపించండి, క్రమంగా తగ్గిస్తారు.

కీళ్లవాతానికి ఎక్కువగా ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. ఇంట్లో క్యాలెండరు మీద ఒక వారం పేరు చుట్టూ గీత గీసి పెట్టుకోండి. చదవడం రానివారికి ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకోవాలి. గర్భిణులు, గర్భం కోరుకునేవారు ముందే చెప్పాలి.

అరుగుదల ఉన్న ఆ నూరుమందికి మొదటి మందు వ్యాయామం. కుర్చీలో కూర్చొని ఒక కాలు తిన్నగా చాపి, తొడ కండరం బిగించి పది లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. రోజూ నొప్పి ఓర్చుకోగలిగినంత నడక. "అరిగిన కాలు నడిస్తే ఇంకా అరుగుతుంది" అనేది సరికాదు, కూర్చుంటేనే కండరం కరుగుతుంది. కింద కూర్చొని లేవలేనివారు పీట ఎత్తు పెంచుకోండి, మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ పెట్టుకోండి.

ఒక్క కీలు మాత్రమే అకస్మాత్తుగా ఎర్రబడి, వేడెక్కి, జ్వరంతో ఉంటే మాత్రం వ్యాయామం చేయవద్దు, మర్దన చేయవద్దు, మరునాటి దాకా చూడవద్దు. కీలులో చీము పట్టి ఉండవచ్చు. ఆ రోజే, రాత్రయినా సరే, దవాఖానాకు తీసుకురండి.