తల్లి ప్రతి

రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము నర్సరీలను ఎరుగని విద్యార్థులు మనలో అరుదు. అచ్చట మేలుజాతి మామిడి తల్లిచెట్టు కొమ్మలతో అనేకములైన అంట్లు కట్టుదురు. తల్లిచెట్టు గుణము అంటుమొక్కలన్నిటికిని సంక్రమించును. కొమ్మలో తెగులున్న అదియు వెంటవచ్చును. కంప్యూటరు ప్రయోగశాలను సిద్ధపరచు విధానము గూడ ఇట్టిదే.

నలుబది యంత్రములలో విడివిడిగా ఆపరేటింగ్ సిస్టమును స్థాపించుట కాలహరణము. కావున ఒక యంత్రమున సిస్టమును, కావలసిన ప్రోగ్రాములను అమర్చి, ఆ స్థితినంతటిని ఒక ఫైలుగా భద్రపరతురు. దీనినే ఇమేజి అందురు. మేమిచ్చట దీనిని తల్లి ప్రతి యని వ్యవహరింతుము. దీనిని తక్కిన యంత్రములలోనికి దింపిన చాలును. అయితే ఆపరేటింగ్ సిస్టము కాలక్రమమున మారుచుండును. ఆ మార్పులను తల్లి ప్రతిలో ఎట్లు చేర్చవలెనన్నదే ముఖ్య ప్రశ్న.

మార్పులు రెండు విధములు. లోపములను సరిదిద్దునది అప్‌డేట్. విండోస్ 10 నుండి 11కు మారుట వంటిది అప్‌గ్రేడ్. 2003 అక్టోబరు నుండి మైక్రోసాఫ్టు సంస్థ ప్రతి నెల రెండవ మంగళవారమున దిద్దుబాట్లను వెలువరించుచున్నది. వీనిని ఉపేక్షించిన ఫలితమును 2017లో లోకము చూచినది. ఆ యేడు మార్చి 14న ఒక లోపమునకు దిద్దుబాటు వెలువడెను. మే 12న వాన్నాక్రై యను దుష్ట ప్రోగ్రాము ఆ దిద్దుబాటు లేని యంత్రములలో ప్రవేశించి, ఫైళ్లకు తాళము వేసి ధనము కోరెను. బ్రిటను ఆసుపత్రులు మొదలుకొని ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్ల వరకు దానికి గురియైనవి. తల్లి ప్రతిలో దిద్దుబాటు లేకున్న, నలుబది యంత్రములకు నలుబది తలుపులు తెరచియుంచినట్లే.

ఇక చేయవలసిన పని. మొదట, తల్లి యంత్రమును సిద్ధపరచునపుడు ఇంటర్నెట్టునకు దూరముగా నుంచవలెను. లేనిచో దానిలోని స్టోరు యాప్‌లు తమంతట తామే మారిపోవును. పిమ్మట యంత్రపు సొంత గుర్తింపును తొలగించు సిస్‌ప్రెప్ అను క్రియ మధ్యలో ఆగిపోవచ్చును. దిద్దుబాట్లను ముందుగా దింపుకొని, డిజమ్ అను సాధనముతో తల్లి ప్రతిలో చేర్చుట మేలు.

రెండవది, అప్‌గ్రేడు వచ్చినపుడు పాత తల్లి ప్రతినే పెంచుకొనుచు పోరాదు. 2016లో వచ్చిన విండోస్ 10, 1607 సంచిక నుండి అప్‌గ్రేడు చేసిన యంత్రముపై గూడ సిస్‌ప్రెప్ అనుమతింపబడినది. అయినను పాత డ్రైవర్లు, పాత అమరికల శేషములు మిగులవచ్చును. కొత్త మూలము నుండి క్రొత్త ప్రతి కట్టుటయే శ్రేష్ఠము. చేసిన ప్రతి పనిని వరుసగా వ్రాసి యుంచిన, ఆ శ్రమ సగమగును.

మూడవది పరీక్ష. ఇది తెలుగు, ఉర్దూ విద్యార్థులకు మిక్కిలి అవసరము. విండోస్ 10 క్రొత్తగా స్థాపించినపుడు గౌతమి, ఉర్దూ టైప్‌సెట్టింగ్ ఫాంట్లు ఐచ్ఛిక భాగములుగా నుండును. వీనిని చేర్చుట మరచినచో నిన్నటి వ్యాసము నేడు వేరొక అక్షరరూపమున కనబడి, పుటలు తారుమారగును. ముందుగా రెండు మూడు యంత్రములపై రెండు భాషలలోను వ్రాసి, అచ్చు తీసి చూచి, తరువాతనే అన్నిటికి దింపవలెను. పాత తల్లి ప్రతిని వెంటనే తుడిచివేయరాదు.

నాలుగవది సమయము. డెల్టా కాలువలను వేసవిలో కట్టివేసి మరమ్మతు చేయుదురు గాని, నాట్లు వేయునపుడు చేయరు. అప్‌గ్రేడులకు గూడ వేసవి సెలవులే తగును. దిద్దుబాట్లు మాత్రము నెలనెలా సాగవలెను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10నకు సాధారణ ఉచిత దిద్దుబాట్లు ముగిసినవి. విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతా భాగమును కోరుచున్నందున అనేక పాత యంత్రములు దానికి అర్హములు గావు. అట్టివానికి నేటికిని దిద్దుబాట్లు లభించు లినక్స్ తల్లి ప్రతిని సిద్ధపరచుట ఒక మార్గము. ఏ మార్గమైనను, తల్లిచెట్టును శ్రద్ధతో కాపాడినవానికే తోట దక్కును.