సర్వరు ప్రోగ్రాము తన మూట తానే ఎందుకు మోస్తుంది?

పాలమూరు నుంచి వలస వెళ్ళిన కూలీల గురించి మీరు వినే ఉంటారు. కొందరి ఇళ్ళలో తాతలో, నాయనలో అలా వెళ్ళి వచ్చినవారే అయివుంటారు. ఆనకట్ట పనికి గాని, కాలువ పనికి గాని మేస్త్రీ పిలిస్తే వాళ్ళు వట్టి చేతులతో వెళ్ళేవారు కారు. గొంగడి, వంటగిన్నెలు, కొన్నాళ్ళకు సరిపడే జొన్నలు మూటగట్టుకొని బయలుదేరేవారు. పోయిన చోట గిన్నెలు దొరకవా? దొరకవచ్చు, దొరక్కపోనూ వచ్చు. దొరికినా అవి జొన్నరొట్టెకు పనికివస్తాయన్న నమ్మకం లేదు. అందుకే బరువైనా మూట మోసేవారు.

సర్వర్ల మీద నడిచే ప్రోగ్రాములు కూడా ఇప్పుడు చాలావరకు ఇదే పని చేస్తున్నాయి. ఎందుకో చూద్దాం.

సర్వరు అంటే వింత యంత్రమేమీ కాదు. ఎక్కడో ఒక గదిలో రాత్రింబవళ్ళు నడుస్తూ, దూరం నుంచి అడిగినవారికి అడిగింది అందించే కంప్యూటరు. పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజు నల్లగొండలో ఒక అమ్మాయి హాల్ టికెట్టు నంబరు కొట్టగానే మార్కులు పంపేది అదే. అందుకు కావలసిన ప్రోగ్రామును రాసేవారు అంతా మొదటి నుంచీ తామే రాయరు. తేదీలు లెక్కకట్టడం, ఫైళ్ళను కుదించడం, సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చడం వంటి పనులకు ఇతరులు ఇదివరకే రాసిపెట్టిన భాగాలు ఉన్నాయి. వాటిని లైబ్రరీలు అంటారు. ఏ లైబ్రరీలు లేనిదే ఒక ప్రోగ్రాము నడవదో అవి దానికి ఆధారాలన్న మాట.

ఈ ఆధారాలు ఎక్కడి నుంచి రావాలి? లినక్స్ ప్రపంచంలో పాత పద్ధతి ఒకటుంది. 1993లో మొదలైన డెబియన్ వంటి వ్యవస్థలు ప్రతి లైబ్రరీనీ ఒక ప్యాకేజీగా కట్టి, యంత్రంలో ఒకేచోట ఉంచుతాయి. కావలసిన ప్రోగ్రాములన్నీ ఆ ఒక్కదాన్నే వాడుకుంటాయి, ఊరందరికీ ఒక్క చేదబావి ఉన్నట్లు. చోటు కలిసివస్తుంది. బావిని శుభ్రం చేసే బాధ్యత కూడా ఒకరి మీదే ఉంటుంది. ఇంత చక్కని ఏర్పాటును కాదని మూట ఎందుకు మోయాలి?

మన భాషలోనే ఒక ఉదాహరణ చూడండి. తెలుగులో ధ్రువపత్రాలు తయారుచేసే ప్రోగ్రామును ఒకరు రాశారనుకుందాం. ఆయన కంప్యూటరులో తెలుగు ఫాంట్లు ఉన్నాయి కనుక పత్రం ముచ్చటగా వచ్చింది. అదే ప్రోగ్రామును సర్వరు మీద పెట్టారు. సర్వరు ముందు కూర్చొని తెర చూసేవారు ఉండరు కనుక అందులో తరచుగా తెలుగు ఫాంట్లు ఉండవు. ఫలితంగా విద్యార్థి పేరు ఉండవలసిన చోట ఖాళీ గడులు వరుసగా అచ్చయ్యాయి! ప్రోగ్రాము ఆగలేదు, తప్పు జరిగిందని చెప్పనూ లేదు. గడువు చివరి రోజున ఆ కాగితం పట్టుకొని కాలేజీ కిటికీ దగ్గర నిలబడినవాడి గతేమిటి?

దీనికి మందు తేలికే. ఫాంటును కూడా ప్రోగ్రాముతోపాటే మూటగట్టి పంపడం. పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారి పేరుతో 'సురవరం' అనే తెలుగు ఫాంటు ఉంది. దాని అనుమతిపత్రం ప్రకారం ఎవరైనా దాన్ని తమ సాఫ్టువేరుతో కలిపి పంచవచ్చు. అయితే ఒక్క ఫాంటుతో పని తీరదు. క, పొల్లు, ష కలిస్తే 'క్ష' అవుతుందని తెలిసిన లైబ్రరీ కూడా కావాలి. హార్ఫ్‌బజ్ అనేది అలాంటిదే. ఆ పని చేసేది లేకపోతే ఒత్తు అక్షరం కిందికి చేరదు, పక్కన విడిగా నిలబడుతుంది. కనుక తాను పరీక్షించి చూసిన లైబ్రరీని కూడా అదే మూటలో పెడితే ప్రోగ్రాము రాసినాయనకు నిశ్చింత.

ఇక రెండో చిక్కు వయసుది. 2010 నవంబరులో వెలువడిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6లో పైథాన్ భాష 2.6వ కూర్పు ఉండేది. నిజానికి 2.7వ కూర్పు అదే ఏడాది జూలైలోనే వచ్చేసింది. అయినా 2020 నవంబరు దాకా ఆ వ్యవస్థ పాతదాన్నే అంటిపెట్టుకొని ఉంది. దీన్ని బద్ధకం అనకండి. పదేళ్ళపాటు ఏదీ మారదన్న భరోసా కోసమే సంస్థలు అటువంటి వ్యవస్థను ఎంచుకుంటాయి. కాని కొత్త పైథాన్ కావలసిన ప్రోగ్రాము ఏం చేయాలి? కొందరు పాత పైథాన్‌ను తీసి ఆ స్థానంలో కొత్తది పెట్టి చూశారు. అంతే, ప్యాకేజీలను తెచ్చిపెట్టే 'యమ్' అనే పనిముట్టు ఆగిపోయింది! అది కూడా పైథాన్‌లో రాసినదే, పాత కూర్పు మీదే ఆధారపడి ఉంది. ఉమ్మడి వస్తువును ఒకరి అవసరం కోసం మారిస్తే మరొకరి పని చెడింది. అప్పటి నుంచి తెలివైనవారు వ్యవస్థ పైథాన్ జోలికి పోకుండా, తమది వేరే చోట పెట్టుకోవడం నేర్చుకున్నారు.

గిట్‌ల్యాబ్ అనే సర్వరు సాఫ్టువేరు తన డేటాబేసును కూడా తనతోనే తెచ్చుకుంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్ 2019లో వచ్చిన 7వ కూర్పు నుంచి జావాను వెంట తెస్తున్నది. 2013లో వచ్చిన డాకర్ అయితే ప్రోగ్రాముకు కావలసినదంతా, ఒక్క కెర్నెల్ తప్ప, ఒకే పెట్టెలో సర్దే పద్ధతిని తేలిక చేసింది.

మరి నష్టమేమీ లేదా? ఉంది, అది చిన్నది కాదు. ముందు ఉమ్మడి పద్ధతిలోని ఒక ప్రమాదాన్ని చూసి అక్కడికి వద్దాం. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఐఫోన్లను గడగడలాడించింది. కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి ఆ అక్షరం సందేశంలో వస్తే చాలు, దాన్ని చూపబోయిన యాప్ మూతపడేది. అక్షరాలను తెర మీద తీర్చే భాగం ఫోనులో ఒక్కటే. దాన్ని వాడుకొనే యాప్‌లన్నిటికీ ఒకేసారి దెబ్బ తగిలింది. కాని ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఆ ఒక్క భాగాన్ని సరిచేసి పంపగానే, ఆ మరమ్మతు తెచ్చుకున్న ఫోనులో యాప్‌లన్నీ ఒకేసారి బాగుపడ్డాయి. ఏ యాప్‌ వారూ వేరుగా ఏమీ చేయనక్కర లేకపోయింది.

మూట పద్ధతిలో ఈ సుఖం లేదు. జావా ప్రోగ్రాములు తమ దినచర్య రాసుకోవడానికి వాడే లాగ్‌ఫోర్‌జే అనే లైబ్రరీలో 2021 డిసెంబరులో ఘోరమైన లోపం బయటపడింది. ఒక ప్రత్యేకమైన వాక్యాన్ని దానిచేత రాయిస్తే చాలు, పరాయి యంత్రం నుంచి ఆజ్ఞలు తెచ్చుకొని పాటించేది. మీలో కొందరు ఆడే మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు కూడా దీని బారిన పడ్డాయి. సరిచేసిన కూర్పు వెంటనే వచ్చింది, అది చాలక అదే నెలలో మరికొన్ని వచ్చాయి. అసలు కష్టం ఆ తరువాతిది. లోపమున్న ప్రతి ఎక్కడ ఉందో వెతకాలి. ప్రతి ప్రోగ్రాము తన మూటలో ఒక ప్రతిని పెట్టుకుంది, కొన్నిటిలో మూటలో మూట, అందులో ఇంకో మూట. తమ యంత్రంలో అది ఉన్నదనే తెలియని కార్యాలయాలు ఎన్నో!

నన్నడిగితే, మూట కట్టినవారు దాన్ని తరచుగా విప్పి చూసే అలవాటున్న వారైతేనే అలాంటి ప్రోగ్రాము పెట్టుకోవాలి. చూసేవారు లేని చిన్న కార్యాలయానికి ఊరి బావే మేలు.

మీ బడిలోని విండోస్ కంప్యూటరులో ఒక పని చేయండి. ఉపాధ్యాయుని అనుమతితో, సి డ్రైవులో 'ఎస్‌క్యూలైట్3.డీఎల్ఎల్' అనే ఫైలు పేరును ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి వెతకండి. సమాచారాన్ని భద్రపరిచే చిన్న లైబ్రరీ అది. ఎన్ని చోట్ల కనబడింది? ఏయే ప్రోగ్రాముల ఫోల్డర్లలో ఉంది? ఒక్కొక్కదాని తేదీ, పరిమాణం నోటుపుస్తకంలో రాసి పోల్చండి. అన్నిటికంటే పాతది ఏ ప్రోగ్రాము మూటలో ఉందో గుర్తించండి.