ఏడున్నర కోట్ల పాలిగన్లు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: ప్లేస్టేషన్ 2 సెకనుకు 7.5 కోట్ల పాలిగన్లు గీస్తుందట. గేమ్‌క్యూబ్‌కు 60 లక్షల నుంచి 1.2 కోట్లేనట. మరి గేమ్‌క్యూబ్ బొమ్మ ఏమాత్రం తీసిపోదేం?

జవాబు: రెండూ కంపెనీలు చెప్పిన అంకెలే, కానీ కొలిచింది ఒకే దాన్ని కాదు. ప్లేస్టేషన్ 2 తయారుచేసిన సోనీ చెప్పింది గ్రాఫిక్స్ చిప్ గరిష్ఠ వేగం. ఆ పాలిగన్లు బుల్లి త్రిభుజాలు, పైన టెక్స్చర్ లేదు. ఖాళీ లారీ వేగం అన్నమాట. అదే చిప్‌కు 48 పిక్సెళ్ల చతుర్భుజాలిచ్చి, లోతు, పారదర్శకత, టెక్స్చర్ జోడిస్తే సోనీ పట్టికలోనే అది 2.5 కోట్లకు పడిపోతుంది. అసలు ఆటలో ఇంకా తగ్గుతుంది. గేమ్‌క్యూబ్ తయారుచేసిన నింటెండో మాత్రం టెక్స్చర్లు, లైటింగ్ అన్నీ వేసుకుని ఆట నడుస్తుంటే వచ్చేది చెప్పింది. ఆ నిజాయితీ అమ్మకాల్లో కలిసిరాలేదనుకోండి!

పైగా 1.2 కోట్లంటే, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున, ఫ్రేముకు 2 లక్షలు. 640×480 తెరపై ఉన్నవే దాదాపు 3 లక్షల పిక్సెళ్లు. పాలిగన్లు ఇంకా పెంచినా పెద్దగా కనబడదు; అక్కడ బొమ్మ నాణ్యతను తేల్చేది ఎక్కువగా టెక్స్చర్లే. ప్లేస్టేషన్ 2 గ్రాఫిక్స్ చిప్‌లో ఉన్న మెమరీ 4 ఎంబీ. గేమ్‌క్యూబ్‌కేమో టెక్స్చర్లను కుదించి వాడుకునే సదుపాయం చిప్‌లోనే ఉంది.

2005లో రెండిటికీ వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4ను పక్కపక్కన నడిపి చూడండి. ప్రచార పత్రాల్లోని అంకెలకన్నా అదే నమ్మదగ్గ పరీక్ష.